ఎవరూ కూర్చోని పెళ్ళిపీటలు

నేను చెక్క మీద కాల్చి బొమ్మలు వేస్తాను. ఈ మాట చెప్పగానే బందరులో ఎవరైనా అడిగేది ఒకటే, "లేజరా అండీ?" అని. కాదండీ, చేత్తో. సోల్డరింగ్ ఐరన్ లాంటి కరెంటు పెన్ను ఉంటుంది, దాని ముక్కు ఎర్రగా కాలాక గీయాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అక్కడ నల్లటి చుక్క పడుతుంది, అది ఇక చెరగదు. ఇంత చెప్పాక కూడా "ఏ యాప్ వాడతారు?" అని అడిగినవాళ్ళున్నారు.

నా బొమ్మలన్నీ గోడలకే పోయాయి. గృహప్రవేశాలకు పట్టుకెళ్ళడం, వాళ్ళు మేకు కోసం వెతకడం, తర్వాత అది టీవీ పక్కన దుమ్ము పట్టడం. డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక నాకు ఒకటే కోరిక పట్టుకుంది. నా చేతిపని ఒక్కటైనా మనుషులు వాడుకోవాలి. అందుకే చల్లపల్లిలో అన్నయ్య కూతురి పెళ్ళి కుదరగానే, మేనత్తగా పెళ్ళిపీటలు నావేనని అందరికంటే ముందు చెప్పేశాను.

వదినకు మొదట్నుంచీ ఇష్టం లేదు. "నిప్పుతో వాతలు పెట్టిన పీట మీద పిల్లని కూర్చోబెట్టమంటావా?" అంది. పురోహితుడుగారిని అడిగితే, "దేవుడి బొమ్మ మాత్రం వెయ్యకమ్మా, కూర్చునేది కదా" అన్నారు. అంతమాత్రం నాకూ తెలుసు. పాత కలంకారీ అచ్చుల్లో ఉండే తీగలు, మామిడిపిందెలు, చిలకలు తీసుకున్నాను. పనస పలకలు, ఒక్కోదానికీ నాలుగు పొట్టి కాళ్ళు. రెండు నెలలు డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కాల్చాను. ఇల్లంతా పొగ. మా ఆయన కంచం పట్టుకుని వరండాలోకి మకాం మార్చేశారు. పెళ్ళికూతురి పీట మీద తీగలు పసుపుగా వదిలేసి, చుట్టూ ఉన్న చోటంతా నల్లగా కాల్చాను. చిలక ఈకలకే నాలుగు రోజులు పట్టింది. పూర్తయ్యాక చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

తీరా పెళ్ళిరోజు చూద్దును కదా, పీటలు రెండింటినీ హాలు గుమ్మం దగ్గర స్టాండు మీద నిలబెట్టి, చుట్టూ బంతిపూలు పెట్టారు. ఫొటోగ్రాఫరు "మేడమ్, కొంచెం పక్కకి" అని నన్ను జరిపి మరీ వాటిని ఫొటో తీశాడు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మాత్రం ఫంక్షన్ హాలువాళ్ళ వెల్వెట్ స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఇదేమిటని అన్నయ్యను నిలదీశాను. "అంత అందంగా చేశావు, వాటి మీద కూర్చోడానికి పిల్లలకు మనసొప్పలేదమ్మా" అన్నాడు. వదిన కూడా, ఎన్నడూ లేనిది, "కళ్ళకద్దుకునేలా ఉన్నాయి" అంది. చుట్టాలందరిదీ అదే పాట. ఒళ్ళు మండిపోయింది. అక్షింతలు వేసి, తిన్నాననిపించి, అవనిగడ్డ నుంచి వచ్చే బస్సెక్కి బందరు వచ్చేశాను.

ఏడాదిపాటు ఆ కోపం చల్లారలేదు. ఎవరు ఫోన్ చేసినా అదే సాధింపు. కూర్చోమని ఇస్తే పూజ చేస్తారా, రేపు అన్నం పెడితే దానికీ దండ వేస్తారా అని దులిపేసేదాన్ని. అన్నయ్య ప్రతిసారీ "తప్పేనమ్మా" అని ఊరుకునేవాడు. ఆయన అలా ఒప్పేసుకుంటుంటే నాకు ఇంకా మండేది.

మొన్న గుడివాడలో మేనకోడలి ఇంటికి వెళ్ళాను. హాల్లో షోకేసులో, ప్లాస్టిక్ కవర్లో, రెండు పీటలూ భద్రంగా ఉన్నాయి.

"తియ్యవే వాటిని" అన్నాను.

"ముందు టీ తాగు అత్తా" అని వంటింట్లోకి వెళ్ళింది.

నేనే అద్దం జరిపి, కవరు చింపి, పెళ్ళికూతురి పీట నేల మీద వేశాను. "అత్తా, వద్దు, ఆగు" అంటూ అది వచ్చేలోపల కూర్చున్నాను.

పీట ఎడమవైపుకి ఒరిగింది. సర్దుకుని కుడివైపు జరిగితే అటు ఒరిగింది. చెయ్యి నేలకు ఆనించకపోతే పడేదాన్నే. లేచి చూస్తే, ఎటు వంచినా నాలుగు కాళ్ళలో ఒకటి గాల్లోనే ఉంటోంది. నేను కాల్చిన వైపు ఎండి ముడుచుకుపోయి, పలక మెలితిరిగింది. రెండు నెలల్లో ఒక్కసారైనా దాన్ని నేల మీద వేసి చూసుకున్న పాపాన పోలేదు. కూర్చునే పీట కదా, కూర్చుని చూడాలని తోచనే లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మేనకోడలు వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది.

"పెళ్ళిరోజు పొద్దున్నే తెలిసిందత్తా. నాన్న అట్టముక్కలు పెట్టి చూశారు, అయినా ఊగింది. అప్పుడు అమ్మే అందరినీ పిలిచి చెప్పింది. 'పాపం, తను రెండు నెలలు వేళ్ళు బొబ్బలెక్కించుకుంది, ఎవరడిగినా అందంగా ఉన్నాయని కూర్చోలేదనే చెప్పండి' అని."