డ్రాయింగు అయ్యవారి శెనక్కాయ

రామలింగయ్య అయ్యవారి మామిడికాయ గీయకుండా ఆ ఊళ్లో ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. పత్తికొండ పక్కన ఉన్న ఆ ఊరి బోర్డు స్కూల్లో ఆయన డ్రాయింగు మాస్టరు. తరగతిలో అడుగుపెట్టడం, సుద్దముక్క అందుకోవడం, చెయ్యెత్తకుండా ఒకే గీతలో మామిడికాయ దించెయ్యడం. పైన తొడిమ, పక్కన రెండాకులు. పిల్లలు దాన్ని చూసి పలకల మీద గీసేవాళ్లు. వడ్రంగి ఈరప్పయితే ఊళ్లో సగం వాకిళ్ల మీద ఆ కాయనే చెక్కి పారేశాడు. ఇంకేం కావాలి మనిషికి!

ఆయన పుట్టింది కోమట్ల ఇంట్లో. అన్న గంగాధరం చిన్నప్పుడే తమ్ముణ్ణి అంగట్లో తక్కెడ ముందు కూర్చోబెట్టి చూశాడు. పొట్లాలు కట్టాల్సిన కాగితాలన్నీ బొమ్మలైపోయాయి గానీ బేరం ఒక్కటీ సాగలేదు. "నీకో దండం రా నాయనా, పోయి అదే నేర్చుకో" అని అన్నే డ్రాయింగు పరీక్షకు పంపించాడు. అప్పట్నుంచీ మన అయ్యవారు, ఆయన మామిడికాయ, హాయిగా కాలం గడిపారు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, మాటా సన్నమే. పలకలన్నీ వరసగా చూసి, "ఇవి ఎవరి కాయలండీ?" అన్నాడు.

"పిల్లలవి సార్."

"కాదు. అన్నీ మీవే. పిల్లల కళ్లకు ఇక్కడ పనే లేదు. వచ్చే నెల మళ్లీ వస్తాను. వీళ్లు చూసి గీస్తున్నారని నాకు నమ్మకం కుదిరితే సరి. లేకపోతే ఈ పీరియడు తీసేసి, తకిలీ మీద నూలు వడకడం పెట్టిస్తాను."

తకిలీ వచ్చిందంటే డ్రాయింగు మాస్టరు ఇంటికి పోవాల్సిందే. ఇంటికి అంటే అన్న అంగడికి, ఆ తక్కెడ ముందుకి. అయ్యవారికి ఆ పూట ముద్ద దిగలేదు. నట్టింట్లో భార్య అనసూయమ్మ చేటలో శెనక్కాయలు పోసుకుని విత్తనానికి ఏరుతోంది. ఆయన కోపం చూపించడానికి ఆమె తప్ప ఎవరున్నారు?

"ఎంతసేపు ఏరుతావే? అన్నీ ఒకటే కదా!"

"ఒకటేనా? బాగుండాది మీ చూపు! ఇది చూడండి, నడుము సన్నం. ఇది గూనిది. దీనికి ముక్కు వంకర. ఏ కాయకా కాయే."

అయ్యవారు దిగ్గున లేచాడు. మర్నాడు సంచెడు శెనక్కాయలు భుజాన వేసుకుని బడికి పోయాడు. పిల్లకొక కాయ ఇచ్చాడు. ఎవరి కాయను వాళ్లు గీయాలి, తర్వాత కాయలన్నీ కుప్ప పోస్తే, బొమ్మను బట్టి ఎవరిది వాళ్లు ఏరుకోవాలి. ఎంత బ్రహ్మాండమైన ఆలోచన! తనకే ముచ్చటేసి, పిల్లలు గీస్తుండగా బోర్డు వైపు తిరిగి ఆ మాట రాసి ముగించాడో లేదో, వెనక టపటపమని చప్పుడు. తిరిగి చూస్తే అందరి దవడలూ ఆడుతున్నాయి.

"కాయలు యాడ్రా?"

ముందు వరసలో ఉండే ఈరక్క అనే పిల్ల లేచి, మింగాల్సింది మింగి, "బొమ్మ గీసేసినాక కాయతో ఏం పని అయ్యోరూ?" అంది. అసలే కరువు రోజులు. పొద్దున సద్ది తాగి వచ్చిన పిల్లల చేతిలో శెనక్కాయ పెట్టి చూస్తూ కూర్చోమంటే కూర్చుంటారా? బెత్తం అందుకున్న అయ్యవారికి నవ్వొచ్చింది.

మర్నాడు గులకరాళ్లు ఇచ్చాడు. వాటితో అచ్చనగండ్లు ఆడుకున్నారు. ఇక లాభం లేదని మళ్లీ శెనక్కాయలే తెచ్చి కొత్త చట్టం పెట్టాడు. కుప్పలో తన కాయ తనకు దొరికితేనే తినాలి. తప్పు కాయ పట్టుకుంటే అది పక్కవాడికి.

అప్పుడు చూడాలి ఆ పిల్లల్ని! కాయను తిప్పి తిప్పి చూశారు, వాసన చూశారు, గోటితో తడిమారు. హనుమన్న అనే పిల్లవాడు చీమ కొరికిన చోటు కూడా వదల్లేదు. నెల తిరిగేసరికి పలకల మీద ఏ రెండు కాయలకీ పోలిక లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లలు గీస్తుంటే గోడకానుకుని చూశాడు. "మీరూ ఒకటి గీయండి మాస్టరుగారూ" అన్నాడు. అదెంత భాగ్యం! అయ్యవారు పలకా, సంచిలోంచి చేతికందిన కాయా తీసుకుని ఒకే గీతలో దించేశాడు. నిండైన రెండు గింజల పొంగు, ఒంటి నిండా వల అల్లిక, కింద నీడ. పలక పక్కన పెట్టి తన కాయనూ కుప్పలో వేశాడు.

పిల్లలు మీద పడి వెతుక్కున్నారు. ఎవరిది వాళ్లు పట్టుకుని, బొమ్మకు ఆనించి చూపించి, ఒలుచుకు తిన్నారు. ఆఖరికి నేల మీద ఒక్క కాయ మిగిలింది. గూనిది, మూతి విరిగింది, ఒంటిగింజది. అయ్యవారి పలక మీద మాత్రం మహారాణిలాంటి కాయ నిగనిగలాడుతోంది.

ఇన్‌స్పెక్టరు పలకనూ కాయనూ మార్చి మార్చి చూశాడు. ఈరక్క ఊరుకుంటుందా? "మీరు కాయను చూడనే ల్యా అయ్యోరూ!" అంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. తకిలీ కళ్ల ముందు గిర్రున తిరిగింది.

"పిల్లలు పాసయ్యారు. తేలాల్సింది మీ సంగతే. నా బస్సుకు ఇంకా టైముంది, చూసి గీయండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అయ్యవారు పంచె సర్దుకుని ఈరక్క పక్కన నేల మీద కూలబడ్డాడు. గీయబోతే చెయ్యి తనంతట తానే అందానికి పరుగెత్తింది. "ఊహూ, ఈడ గూని ఉండాది" అంది ఈరక్క. తుడిచాడు. మళ్లీ గీశాడు. మళ్లీ మహారాణే వచ్చింది. చెమటలు పట్టాయి, ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ గీసిందేమిటి మరి? చివరికి బలపం పక్కన పెట్టి, ఆ దిక్కుమాలిన కాయను కళ్లు మండేదాకా చూశాడు. అప్పుడు గీశాడు. గీతలు పసిపిల్లవాడివిలా వణికాయి.

ఇన్‌స్పెక్టరు ఆ కాయను సంచిలో మిగిలిన కాయల్లో కలిపి, పక్క తరగతి నుంచి ఒక పిల్లను పిలిపించి, పలక చేతికిచ్చాడు. ఆ పిల్ల సంచి దిమ్మరించి కాసేపు కెలికి, "ఇది" అని గూనికాయ తీసింది.

"తినండి మాస్టరుగారూ" అని ఇన్‌స్పెక్టరు బస్సుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం అనసూయమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమైందండీ? పని ఉండాదా, పోయిందా?"

"ఉండాది. నన్ను మాత్రం ఒకటో తరగతిలో చేర్చినారే" అని నవ్వుతూ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఎడమ కనుబొమ్మ కింద చిన్న గాటు. ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"ఇదెప్పుడు తగిలించుకుంటివే?"

"పెండ్లినాటికే ఉండాది" అంది అనసూయమ్మ.