కరుణక్క దిద్దించిన ఆట

పాత వీడియో గేమ్ పెట్టె మూత తీయగానే ఒక వాసన వస్తుంది. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్కు, లోపల పేరుకున్న దుమ్ము, ఎప్పుడో ఎవరో వేసిన అతుకులోని సీసం, మూడూ కలిసిన వాసన. నిన్న ఉదయం బెంగళూరు నుంచి వచ్చిన పార్సిల్ విప్పి, అందులోని పెట్టెకు నాలుగు స్క్రూలు తీసేసరికి గూడూరులోని నా షాపంతా ఆ వాసన నిండింది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ ఆడుకున్న పెట్టె అనీ, ఎలాగైనా బతికించమనీ పంపినాయన ఒక చీటీ రాసి పెట్టాడు. ఇలాంటివి నాకు అప్పుడప్పుడూ వస్తుంటాయి. పని మొదలుపెట్టే ముందు కాసేపు ఆగుతాను. ఆ వాసన నన్ను గూడూరుకు దగ్గర్లోని కోట ఊరికి, బజారు వీధిలోని ఒక ఇరుకు షాపుకు, కరుణక్క ముందుకు తీసుకుపోతుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. కోట మండలం దాటి ఆమె పేరు పెద్దగా పోలేదు. అందుకే రాస్తున్నాను.

మెమరీ కార్డు ఫోన్లు మా ప్రాంతానికి కొత్తగా వచ్చిన రోజులవి. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి ఇంట్లో కూర్చుని ఉన్నాను. కరుణక్క షాపులో కంప్యూటర్ దగ్గరికి మనిషి కావాలట అని ఎవరో చెబితే వెళ్ళాను. నలభై దాటిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని, తాడు కట్టిన కళ్ళజోడు పెట్టుకుని ఒక టీవీ వెనక భాగంలోకి తొంగిచూస్తోంది. ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు నేర్చుకున్న రోజుల్లో తరగతి మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల అని తర్వాత తెలిసింది. ఊళ్ళో టేప్ రికార్డర్లు, టీవీలు, మిక్సీలు, ఆదివారం చర్చిలో మొరాయించే మైకు సెట్టు, అన్నీ ఆమె చేతి మీదుగా పోయేవి.

"ఏం చదివినావు పాపా?" అని తల తిప్పకుండానే అడిగింది.

"బీఎస్సీ కంప్యూటర్స్ అక్కా."

బల్ల మీద నుంచి ఒక పాత జాయ్‌స్టిక్, చిన్న స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది. "అయితే దీన్ని తెరువు."

"నేను చదివింది సాఫ్ట్‌వేర్ అక్కా..."

"సాఫ్ట్‌వేరు గాల్లో ఉంటదా? ఏదో ఒక పెట్టెలోనే గదా ఉండాల. తెరువు."

తెరిచాను. తెరవగానే లోపలి స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. కుర్చీలు జరిపి ఇద్దరం నేల మీద వంగి చాలాసేపు వెతికాం. చివరికి టీవీ బల్ల కింద దొరికింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లేస్తుంటే అక్క నవ్వింది. "పోయినదాన్ని వెతికే ఓపిక ఉండాది నీకు. రేపట్నించి రా," అంది. అదే నా ఇంటర్వ్యూ.

వస్తువుల మీద ఆమె అభిప్రాయాలు వినడానికే కొందరు షాపుకు వచ్చేవారు. టార్చిలైటు ఉన్న లావుపాటి ఫోనుకు మించిన ఫోను పుట్టలేదనేది ఆమె వాదం. పలచటి ఫోన్లంటే ఒళ్ళు మంట. ఒకసారి రొయ్యల గుంటలున్న ఆసామి ఒకాయన, నీళ్ళలో పడిన కొత్త ఫోను తీసుకొచ్చాడు. దాని వెనక భాగం ఎంతకీ ఊడిరాదు. "చూడు, జిగురు పెట్టి అతికించినారు. స్క్రూ పెట్టినోడు మళ్ళీ తెరుస్తారని తెలిసి పెట్టినాడు. జిగురు పెట్టినోడు ఇంకోటి కొనమంటా ఉండాడు," అంది. ఆయన దిగులుగా, "నీళ్ళలో పడినా ఏం కాదన్నారే అక్కా," అన్నాడు. "అన్నోడు నీ రొయ్యల గుంటలో దిగి చూసినాడా?" అని అక్క. ఆ ఫోను బతకలేదు గాని, ఆయన మాత్రం నవ్వుకుంటూ పోయాడు.

మధ్యాహ్నం బేరాలు పలచబడితే షాపులోని పాత టీవీకి వీడియో గేమ్ తగిలించేవాళ్ళం. జపాను కంపెనీ గేమ్ పెట్టెకు ఎక్కడో ఎవరో తీసిన నకలు అది. దాని క్యాసెట్టు మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని అచ్చేసి ఉండేది. అక్క ఓపికగా ఒక్కొక్కటీ ఆడి చూసి తేల్చింది. నిజమైనవి పాతిక కూడా లేవు, మిగతావన్నీ అవే ఆటలు, పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ పెట్టినవి. "ఇంత మోసం చేసేదానికి ఎంత కష్టపడినాడో చూడు," అని ఆశ్చర్యపోయేది. అందులో ట్యాంకుల ఆటలో ఆమెను ఓడించినవాళ్ళు కోటలో లేరు. ఆటో నడిపేవాళ్ళు పందెం కట్టి ఆడి, ఓడి, టీ తెప్పించేవారు. చీర కట్టుకున్న మనిషి, కళ్ళజోడు ముక్కు మీదకు జారిపోతుంటే పట్టించుకోకుండా, పెదవి కొరుక్కుంటూ ట్యాంకుల్ని పేల్చడం చూడటానికి జనం గుమ్మం దగ్గర నిలబడేవారు.

నా కంప్యూటర్ బల్ల ఆ షాపులో ఇంకో లోకం. మెమరీ కార్డులు తెచ్చి ఇస్తారు, నేను పాటలు, సినిమాలు, ఆటలు ఎక్కించి ఇస్తాను. అవి ఎవరివి, ఎక్కడి నుంచి వచ్చాయి అని ఎవరూ అడగరు. చుట్టుపక్కల షాపులన్నీ చేసే పనే. అక్కకు ఆ పని నచ్చేది కాదు గాని, వద్దని కూడా అనలేదు. "నకలు పెట్టెలో ఆడేదాన్ని, నిన్నేమంటాను?" అనేది.

ఆ రోజుల్లోనే నా చేతికి ఒక సీడీ వచ్చింది. ఎవరో మరచిపోయి వెళ్ళింది. అందులో తెలుగులో చేసిన ఆట. పేరు పడవ లెక్కలు. పులికాటు సరస్సులో పడవ పోతుంటుంది. కూడికలు, తీసివేతలు సరిగ్గా చేస్తే వలలో చేపలు పడతాయి, తప్పితే కొంగలు ఎత్తుకుపోతాయి. బొమ్మలు చిన్నపిల్లలు గీసినట్టు వంకరగా ఉన్నాయి గాని, ఆట చాలా బాగుంది. మొదట్లో ఒక బొమ్మ, దాని మీద కొన్ని పేర్లు ఉన్నాయి. నేను ఆ బొమ్మ తీసేసి, మా షాపు పేరు, ఫోన్ నంబరు పెట్టి కొత్త బొమ్మ తయారుచేశాను. అడిగినవాళ్ళకల్లా ఎక్కించాను, గూడూరు దాకా ఉన్న ఫోన్ల షాపులకూ ఇచ్చాను. పిల్లలున్న ప్రతి ఇంట్లో మా షాపు పేరు కనబడుతోందని పొంగిపోయాను. అక్కకు చెబితే మెచ్చుకుంటుందనుకున్నాను, సమయం చూసి చెబుదామని ఆగాను.

నేను చెప్పకముందే ఒకరోజు చిట్టమూరు వైపు నుంచి ఒక టీచరు గారు వచ్చారు. ప్రమీల గారని, సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో బడి ఆమెది. యూపీఎస్ రిపేరుకు తెచ్చారు. అక్క దాన్ని విప్పుతుంటే, నా కంప్యూటర్ మీద ఎవరికో చూపించడానికి పెట్టిన పడవ లెక్కలు టీచరు గారి కంటపడింది. దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మా షాపు పేరున్న మొదటి బొమ్మ చూశారు.

"ఈ ఆట నేను చేసింది," అన్నారు మెల్లగా. "రెండేళ్ళు పట్టింది నాకు. బొమ్మలు మా బడి పిల్లలు గీసినారు. వాళ్ళ పేర్లు మొదట్లో ఉండాలే... మా పేర్లు కంప్యూటర్లో పడతాయా టీచర్ అని రోజూ అడిగినారు. ఆ పేర్లు ఏమైనాయి?"

అక్క చేతిలోని పని బల్ల మీద పెట్టి లేచింది. నా ముఖం చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది. ఇప్పుడు నన్ను నలుగురిలో నిలబెట్టి తిడుతుందనుకున్నాను. ఆమె టీచరు గారి వైపు తిరిగి చేతులు జోడించింది.

"తప్పు మా షాపుది టీచరు గారూ. దిద్దుతాము. ఒక్క వారం టైమియ్యండి," అంది.

టీచరు గారు వెళ్ళాక కూడా అక్క నన్ను తిట్టలేదు. "పాటలు ఎక్కించినావు, సినిమాలు ఎక్కించినావు, సరే. ఆ పేర్లు తుడిచేటప్పుడు చెయ్యెట్లా వచ్చింది పాపా?" అని మాత్రం అడిగింది.

మర్నాటి నుంచి షాపుకు తాళం వేసి, అక్క తన స్కూటీ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరింది. నేను ఆట ఇచ్చిన ప్రతి షాపుకూ వెళ్ళాం. పాతది తీసేయించి, సీడీలో పిల్లల పేర్లతో ఉన్న అసలుది పెట్టించడం, కావలసినవాళ్ళను టీచరు గారి దగ్గరికి పంపమని చెప్పడం. కొందరు విన్నారు, కొందరు సణిగారు. గూడూరు స్టేషను దగ్గర ఫోన్ల షాపాయన మాత్రం పడీపడీ నవ్వాడు.

"ఏందక్కా కొత్తగా? నీ షాపులో ఆటలన్నీ జపానోడు సంతకం పెట్టి ఇచ్చినాడా? నేను తీసేది లేదు పో," అన్నాడు.

అక్క ముఖం ఎర్రబడింది. బయటికి వచ్చి బండి తీసింది. కోటలో షాపు ముందు స్టాండు వేశాక అంది, "ఆయన అడిగింది నిజమే. కానీ ఆ జపాను మనిషి ఇంటికి మనం పోలేము. ఈ టీచరమ్మ ఇంటికి పోగలం గదా. పోగలిగిన చోటికన్నా పోదాం."

పోయాం. శనివారం పొద్దున్నే షాపులోని కంప్యూటర్ను, పెద్ద టీవీని ఆటోలో పరుపుల మధ్య పెట్టుకుని ఆ బడికి చేరాం. పిల్లలంతా నేల మీద కూర్చున్నారు. అక్క వైర్లు కలుపుతూ, "చెప్పేది నువ్వే," అంది నాతో. నేను లేచి నిలబడి, మీ పేర్లు తీసేసింది నేనే, తప్పు చేశాను అని చెప్పాను. పిల్లలకు ఆ మాటలు పట్టినట్టు లేదు. తెర మీద మొదటి బొమ్మ పడగానే పదకొండు పేర్లు పెద్ద అక్షరాల్లో కనబడ్డాయి. ఒక పిల్ల గభాల్న లేచి, "అదిగో నాది! ఆ కొంగ కూడా నేను గీసిందే!" అని అరిచింది. ఇంక ఎవరి పేరు వాళ్ళు చూపించుకోవడం, ఎవరి చేపను వాళ్ళు వెతుక్కోవడం. టీచరు గారు కళ్ళు తుడుచుకున్నారు. అక్క గోడకు ఆనుకుని, తనే గెలిచినట్టు చూస్తూ నిలబడింది. ఇలాంటి మనిషి దగ్గర పని చేస్తున్నానని ఆ రోజు మొదటిసారి గర్వం కలిగింది నాకు. ఆ గర్వం తర్వాత ఎప్పుడూ తగ్గలేదు.

సోమవారం నుంచి మా షాపులో కార్డులు ఎక్కించడం ఆగిపోయింది. జనం తగ్గారు. అక్క నన్ను కంప్యూటర్ బల్ల నుంచి రిపేరు బల్లకు మార్చి, సీసం కరిగించి అతికే సాల్డరింగ్ నేర్పింది. నా చేతిలో ఈ రోజున్న విద్య అలా వచ్చిందే, తర్వాత గూడూరులో షాపు పెట్టుకున్నదీ దానితోనే.

కొన్నేళ్ళ తర్వాత ఒక వానాకాలంలో బడి పైకప్పు కారి టీచరు గారి కంప్యూటర్ పాడైంది. దాచుకున్న సీడీలు ఉప్పుగాలికి పూత లేచిపోయాయి. మా షాపు కంప్యూటర్ అప్పటికే మారిపోయింది. మిగతా షాపుల్లోనూ అడిగాం, పడవ లెక్కలు ఎక్కడా లేదు. అప్పుడు అక్క నవ్వుతూ, "గూడూరులో ఒక మొండోడు ఉండాడు గదా," అంది. వెళ్ళాం. ఆ రోజు తీసేయనన్న ఆయన అప్పటికీ తీసేయలేదు. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లో, మా షాపు పేరుతో, ఆట అలాగే ఉంది. "చూసినావా అక్కా, నేను తీసేసుంటే?" అని ఆయన మీసం తిప్పాడు. "నిజమే తండ్రీ, టీ తెప్పించేది నేనే," అని ఓటమి ఒప్పుకుంది కరుణక్క. టీచరు గారు పదకొండు పేర్లూ నోటికి చెబుతుంటే, మా షాపు పేరు తీసేసి, మొదటి బొమ్మ మీద వాటిని మళ్ళీ నేనే నా చేత్తో రాశాను. కొత్త ఫోన్లలో ఆడేలా మార్చడానికి నాకు మూడు నెలలు పట్టింది. టీచరు గారు దాన్ని బడులన్నిటికీ ఊరికే ఇచ్చేశారు. నకలు తీయడం తప్పేనని అప్పటిదాకా గట్టిగా వాదించేదాన్ని. ఆ రోజు తర్వాత అంత గట్టిగా మాట్లాడటం మానేశాను.

కరుణక్క రెండేళ్ళ కిందట పోయింది. చివరి రోజుల్లో చూపు మందగించినా, ఏ వస్తువు ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి, స్క్రూలున్నాయా అని వేలితో తడిమి చూసేది. చర్చిలో ఆమె శవపేటిక దగ్గర నిలబడినప్పుడు ఏడుపు వచ్చింది. దానికంటే ఎక్కువగా, ఈమె నా గురువు అని అక్కడున్న అందరికీ చెప్పుకోవాలనిపించింది.

పోయిన నెల కాలేజీ కుర్రాళ్ళు కొందరు ఒక చిన్న చేతి గేమ్ పెట్టె తెచ్చారు. వేల ఆటలు నింపి అమ్ముతున్న రకం. మీట పనిచేయడం లేదు. బాగుచేసి పరీక్షిస్తుంటే అందులో ఒక తెలుగు ఆట కనబడింది. ఈతచెట్ల మీద నుంచి దూకుతూ పోయే ఆట. ఏ దేశంలోనో ఎవరో దాన్ని కూడా తీసుకుని ఆ గుంపులో కలిపేశారు. చివరి తెర దాకా వెళ్ళి చూస్తే చిన్న అక్షరాల్లో ఒక పేరుంది. ఆ పేరు పట్టుకుని రెండు రోజులు వెతికితే విజయనగరం వైపు అబ్బాయని తెలిసింది. ఫోన్ చేశాను. మీ ఆట ఫలానా పెట్టెలో ఉంది, మీకు తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు.

"మీరు ఆడారా మేడం?" అన్నాడు.

"ఆడాను. వాగు దగ్గర చచ్చిపోతున్నాను. అక్కడ ఎట్లా దాటాలి?"

అతను నవ్వాడు. తర్వాత అరగంట సేపు ఆ వాగును ఎందుకు అలా పెట్టాడో, అక్కడ ఎలా దూకాలో చెబుతూనే ఉన్నాడు. నేను బల్ల మీదున్న పనులన్నీ పక్కకు జరిపి కూర్చుని విన్నాను.