మునెయ్య ముఖం అచ్చు

మునెయ్య చేత మీసం తీయించిన పాపం నాదే. ఆ మాట ముందే ఒప్పుకుంటే నాకు కాస్త తేలిక.

1959లో పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల ఊళ్లో బడిపంతులుగా ఉండేవాణ్ణి. మద్రాసు నుంచి ఒక పరిశోధకుడు వచ్చి ఊళ్లోవాళ్ల తలలూ ముక్కులూ కొలవడం మొదలుపెట్టాడు. వేల ఏళ్ల కిందట ఈ తీరం వెంబడే మనుషులు గుంపులుగా వచ్చారట. ఎవరెవరితోనో కలిసి తరతరానికీ రూపు మారుతూ వచ్చిందట. అయినా పాత పోలికలు కొన్ని ముఖాల్లో మిగిలే ఉంటాయట. ఊరంతా నవ్వింది. మునెయ్య ఒక్కడే నవ్వలేదు. ముప్పై ఏళ్లవాడు, వల తప్ప చదువు ఎరగడు. "మావోళ్లు యాణ్ణించి వచ్చినారో నా మొకంలో తెలుస్తాదా అయ్యోరా?" అని నా వెంట పడ్డాడు.

ముఖానికి ప్లాస్టర్ పూసి అచ్చు తీయాలనీ, పై పెదవి సరిగ్గా రావాలంటే మీసం ఉండకూడదనీ పరిశోధకుడు అన్నాడు. మునెయ్య జంకాడు. తండ్రి పోతేనే కొడుకు మీసం తీయాలి. వాళ్ల నాయన ముత్యాలయ్య గుండ్రాయిలా బతికే ఉన్నాడు. "నెలలో మొలిచేదానికి ఇంత ఆలోచనేమిటయ్యా" అన్నది నేనే. నా చదువు అట్లా ఏడ్చింది.

మీసం తీయించి, అచ్చు తీసిన సాయంత్రం ముత్యాలయ్య పడవ దిగి కొడుకును చూశాడు. "నేనేమన్నా చచ్చినానంట్రా?" అన్నాడు. ఆనాటి నుంచి కొడుకు ముఖం చూడలేదు. ఒకే పడవలో వీపు తిప్పి కూర్చునేవాడు. మీసం మళ్లీ ఒత్తుగా వచ్చినా అంతే. మునెయ్య చిక్కి సగమయ్యాడు. "నాయన ఒక్కసారి నా మొకం చూస్తే చాలయ్యోరా" అనేవాడు. నాకు అన్నం సయించేది కాదు.

నాలుగు నెలలకు పరిశోధకుడు ఆ అచ్చు తెచ్చి బడి అరుగు మీద పెట్టాడు. కళ్లు మూసుకున్న తెల్లటి ముఖం. పగలగొడదామని ముత్యాలయ్య తెడ్డు పట్టుకుని వచ్చాడు. దగ్గరికొచ్చి ఆగిపోయాడు. తెడ్డు పడేసి ఆ చెంప నిమిరాడు.

"మా నాయన! పాడె మీద ఇట్టనే ఉన్నాడు" అని బావురుమన్నాడు. తర్వాత కొడుకుకేసి తిరిగి, "మునెయ్యా, ఆ మీసం మళ్లా తీసెయ్‌రా" అన్నాడు.

మునెయ్య ఆ పూటే తీసేశాడు. తండ్రి బతికుండగానే తండ్రి లేనివాడిలా తిరుగుతున్నాడని ఊరు ఎంత ఆడిపోసుకున్నా మళ్లీ పెంచలేదు. ముత్యాలయ్య అప్పట్నుంచి పడవలో ఎదురుగా కూర్చుని కొడుకు ముఖం వంకే చూసేవాడు. అయినా మునెయ్య దిగులు తీరలేదు.

"నాయన చూస్తున్నాడుగా, ఇంకేం కావాలయ్యా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"చూస్తా ఉండాడు అయ్యోరా" అన్నాడు మునెయ్య. "నన్ను కాదు."