కంప దగ్గర వేసిన సున్నా

ఒక మనిషి తన పెళ్ళాన్నీ కూతుర్నీ తానే చంపుకున్నానని నమ్ముతూ చచ్చిపోయాడు. అది నిజం కాదని నాకు తెలుసు. నా ఒక్కడికే తెలుసు. తెలిసి కూడా పదకొండేళ్ళు అతనితో కలిసి కొండలెక్కాను, దిగాను, ఒకే చెట్టు కింద కూర్చుని చోడి అంబలి తాగాను, నోరు మాత్రం విప్పలేదు. ఆ బరువు దించుకోడానికి రాస్తున్నానా? రాస్తే దిగే బరువేనా ఇది? తెలీదు. కూర్చోలేక రాస్తున్నాను. మూడు రోజులుగా కాగితం ముందు పెట్టుకోవడం, లేచి వాకిట్లో నాలుగు చుట్లు తిరగడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఇదే పని. మా ఇంటిది అడిగింది కూడా, ఏటలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతన్నారని. ఉత్తరం రాసుకుంటున్నానన్నాను. చూశారా, ఈ వయసులోనూ అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో.

నా పేరు మీకక్కర్లేదు. ఊరి పేరు మార్చాను. చచ్చిపోయిన ఆ మనిషి పేరు గాసి, అది మాత్రం మార్చబుద్ధి కాలేదు.

పంతొమ్మిది వందల ఇరవైల్లో సంగతి. కింద మైదానంలో మా ఊరి నుంచి అరకు లోయకి ఎక్కేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. అక్కడ ఒక చిన్న ఆస్పత్రి ఉండేది. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను. నా పని టీకాలు వెయ్యడం, చలిజ్వరం వచ్చినవాళ్ళకి క్వినైను పంచడం, నెలకోసారి ఊరూరా తిరిగి ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, దేనితో పోయారు అని పుస్తకంలో రాసుకురావడం. చావుపుటకల పుస్తకం అనేవాళ్ళం. ఊరికో వరుస, నెలకో గడి, చివర రిమార్కులకి ఇంకో గడి. నా మందుల పెట్టె మోసేవాడు గాసి. కొండమనిషి, నాకంటే అయిదారేళ్ళు పెద్ద. నడుస్తూ నడుస్తూ అడవిలో ఏది తినొచ్చో ఏది తినకూడదో చెప్పేవాడు. నాకు దారి తెలీదు, భాష సగమే తెలుసు, జలగలంటే భయం. అతను లేకపోతే నేను మొదటి నెలలోనే కొండ దిగిపోయి ఉందును.

మేము తిరిగే ఊళ్ళలో అన్నిటికంటే ఎత్తున ఉండేది జీలుగుపుట్టు. మొదటిసారి వెళ్ళినప్పుడు వానాకాలం. ఊరు ఇంకా కనబడకముందే దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది, కంప మీద ఒక పాత కుండ బోర్లించి ఉంది. గాసి పెట్టె దించేశాడు. ఇంక వెళ్ళకూడదన్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు: ఊళ్ళో జ్వరంతో మనుషులు పోతుంటే కంప వేస్తారు. బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు పోయినవాళ్ళ పేరు బయటివాడితో అనకూడదు. కొత్త సామలు కోసి, అమ్మవారికి పెట్టి, కంప తీసేదాకా అంతే. ఇంతలో కంప అవతలికి ఒక ముసలామె వచ్చి నిలబడింది, రావద్దన్నట్టు చెయ్యి ఊపింది. నేను వెనక్కి తిరిగాను.

నిజం చెప్పేస్తాను. తిరిగినందుకు సంతోషించాను. ఇంకా పైకి ఎక్కక్కర్లేదు కదా అని.

ఆ గడిలో ఏం రాయాలి? ఖాళీగా వదిలితే పైఆఫీసు పుస్తకాన్ని తిప్పి పంపేది, గడి ఎందుకు ఖాళీ అని ఒక మెమో జతచేసి. నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. రిమార్కుల్లో ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు, కంప ఉంది, వెళ్ళలేదు అని. రాస్తే మళ్ళీ వెళ్ళమంటారు. చావుల గడిలో సున్నా చుట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. పై నెల కూడా కంప ఉంది. ఇంకో సున్నా. కంప తీశాక వెళ్ళినప్పుడు కూడా వెనకటి చావులు అడిగి ఆ గడులు దిద్దలేదు. పై ఏడు వానల్లోనూ అంతే. కంప ఉందంటే లోపల చావులున్నాయని గాసి నాకు నోటితో చెప్పాడు, నేను చెవులతో విన్నాను. అంటే తెలియక వేసిన సున్నాలు కావవి. అక్కడ మనుషులు ఎంత ఎక్కువమంది పోతే నా పుస్తకంలో ఆ వరుస అంత శుభ్రంగా ఉంది.  

మూడో ఏడు ఎండాకాలం మద్రాసు నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చాడు. జ్వరం ఏ కొండ మీద ఎంత ఉందో తేల్చడానికి. కొత్తగా ఎవర్నీ పరీక్షించనక్కర్లేదు, ఏళ్ళ తరబడి రాసిపెట్టిన పుస్తకాలుండగా అనేవాడు. ఆస్పత్రి వరండాలో బల్ల వేసుకుని మా పుస్తకాలన్నీ పరుచుకుని, లోయ పటం గీసుకుని, చావులున్న ప్రతి ఊరి మీదా ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. మంచివాడు. ఆ మాట చెప్పాలి. భోజనం కూడా మరిచిపోయి కూర్చునేవాడు. మన పుస్తకాలు ఇన్నాళ్ళకి ఒకడికి పనికొస్తున్నాయిరా అని నాకు గర్వంగా కూడా అనిపించింది, జీలుగుపుట్టు దగ్గర ఆయన పెన్సిలు ఆగేదాకా.

చుట్టూ ఎర్ర చుక్కలు, మధ్యలో ఆ ఒక్క ఊరు తెల్లగా ఉంది. నన్ను పిలిచి అడిగాడు, స్వయంగా వెళ్ళే రాశావా అని. వెళ్ళానండి అన్నాను. కంపదాకా వెళ్ళాను కదా మరి! అయితే ఆ నీళ్ళలోనో గాలిలోనో ఏదో మేలుంది, ఒకసారి ఎక్కి చూడాలి అన్నాడాయన. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడింది, దారిలో ఎలుగుబంటి తిరుగుతోందండి అని. ఎలుగుబంట్లు ఎప్పుడూ ఉండేవే. ఆయన చేతిలో రోజులు తక్కువ. సరేలే, పుస్తకం ఉందిగా అన్నాడు. నా చేతిరాత గుండ్రంగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

కింద వాగు పక్కన రోడ్డు పనికి వచ్చిన కూలీల గుడిసెలుండేవి. అక్కడ చలిజ్వరం విపరీతం. వానలు పడకముందే వాళ్ళని జీలుగుపుట్టు పక్క చదునుకి తరలిస్తే ప్రాణాలు దక్కుతాయని ఆయన రాసి పెట్టాడు. దయతోనే రాశాడు. ఆ ఊరివాళ్ళని ఎవరూ అడగలేదు, ఎండాకాలం కాబట్టి దారిలో కంప కూడా లేదు. ఆ కూలీల్లో గాసి పెళ్ళాం సుక్రి ఉంది. నెలలో పది రోజులు నా పెట్టె మోసి, మిగతా రోజులు గాసీ ఆ రోడ్డు మీదే మట్టి మోసేవాడు. వాళ్ళకి ఆరేళ్ళ ఆడపిల్ల, గుంట అని పిలిచేవాళ్ళు. ఆ పిల్లకి టీకా వేసింది నేనే.

మూటలు కట్టుకునే ముందు గాసి నా దగ్గరికొచ్చాడు. కంప వేసే ఊరికేనా మమ్మల్ని తోలతన్నారు అని అడిగాడు. ఆ వెంటనే తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు, బాబు బుక్కులో రాసే ఉంటారు, డాక్టరు బాబు సూసుకునే పంపుతన్నారని. నేను అవునన్నాను. భయం లేదు, బేగి వెళ్ళి మంచి చోటు చూసుకో అన్నాను. ఎందుకన్నాను? ఒక్క పూట సిగ్గుపడి, డాక్టరుగారూ అక్కడ సున్నా కాదండీ, నాకు తెలీదండీ అని ఉంటే ఏమయ్యేది? మహా అయితే ఉద్యోగం పోయేది. కొండ దిగి మా నాన్నతో పాటు దుక్కి దున్నుకునేవాణ్ణి. చాలాసార్లు వేసుకున్న ప్రశ్నే ఇది. ప్రతిసారీ ఒకటే జవాబు: భయపడ్డాను. దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసినా అంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు.

వానలు పడ్డాయి. రెండో నెల పుస్తకం పట్టుకుని ఒక్కణ్ణే ఎక్కాను, గాసి పెట్టె మొయ్యడానికి రావడం మానేసి అప్పటికి మూడు వారాలైంది. కూలీల గుడిసెల దారికి అడ్డంగా కంప ఉంది. వాళ్ళూ కొండవాళ్ళే, వాళ్ళకీ అదే ఆచారం. ఈసారి కంప పక్కకి లాగి లోపలికి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. గుడిసె గుడిసెకీ తిరిగాను. పోయినవాళ్ళ పేర్లు ఎవరూ అనకపోయినా, లేనివాళ్ళెవరో చూసుకుని ఒక్కటి కూడా వదలకుండా రాశాను. సుక్రి పోయింది. గుంట అంతకు ముందు వారమే పోయింది. గాసి గుడిసె బయట దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు, జ్వరం తగ్గుతోంది. నన్ను చూసి, కంప దాటి వచ్చావేటి బాబూ, నీకంటుకుంటాది అన్నాడు. నా కోసం భయపడ్డాడు.

ఆ నెల పుస్తకం నా బతుకులో రాసిన మొదటి నిజమైన పుస్తకం. అదే కొంప ముంచింది. మద్రాసులో పెద్ద డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. రెండేళ్ళు ఒక్క చావూ లేని చోటు, కూలీలు వెళ్ళగానే ఇన్ని చావులు. కాబట్టి జ్వరం ఆ చోటుది కాదు, కింది నుంచి కూలీలే తమ ఒంట్లో మోసుకెళ్ళారు అని తేల్చి ఉత్తరం రాశాడు. లెక్క తప్పలేదు ఆయన. ఉత్తరాన్ని మా డాక్టరు వరండాలో అందరికీ చదివి, తెలుగులో చెప్పాడు. గాసి మెట్ల కింద నిలబడి విన్నాడు. అందరూ లేచి వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

"కంప వేసే ఊరు కదా అది, మరి బుక్కులో సావుల్లేవా? మేమే తెచ్చుకున్నామా బాబూ?"

నేను పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను.

"ముందు జొరం వచ్చింది నాకే. ఆ తరవాతే గుంటకి. నేనే తెచ్చానా?"

"పుస్తకాలు అలాగే చెబుతున్నాయి గాసీ" అన్నాను.

అతను తల ఊపి, మందుల పెట్టె తుడిచి లోపల పెట్టాడు.

సున్నాల పాపం ఒక ఎత్తు. ఈ మాట ఒక ఎత్తు. సున్నా వేసినప్పుడు ఎదురుగా ఎవరూ లేరు. ఇది అతని మొహం చూస్తూ అన్నాను.

ఆ తరవాత గాసి ఏ ఊళ్ళోకీ అడుగు పెట్టలేదు. పొలిమేరలో వాగు దగ్గర పెట్టె నా చేతికిచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నేను తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు. సంతలో పిల్లలు దగ్గరికొస్తే లేచి దూరం జరిగేవాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని వాళ్ళ వాళ్ళు అంటే, నా ఒంట్లో ఉంది అది అనేవాడు. వలిసె పూలు విరగబూసి లోయంతా పసుపుగా ఉన్న రోజుల్లో కూడా దారి వైపే చూసి నడిచేవాడు. నేను వెనక. చెప్పెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో! ఈ మలుపు దాటాక, ఈ వాగు దాటాక. దొంగకి తేలు కుట్టినట్టు నడిచాను పదకొండేళ్ళు. ఉద్యోగం ఖాయమైంది. జీతం పెరిగింది. ఇంక పోయేదేమీ లేనప్పుడు కూడా చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతాడని.

అడిగేవాడు కాదేమో. అతను నన్ను ఎప్పుడూ ఏదీ నిలదీయలేదు.

గాసి దగ్గుతో పోయాడు. అతని పేరు చావుపుటకల పుస్తకంలో రాసింది నేనే. ఆ రోజు కలం సిరాలో ముంచి రిమార్కుల గడి మీద చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. ఒక చుక్క కారి పడింది. అద్దుడు కాగితంతో అద్ది పుస్తకం మూసేశాను.

ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా సరే. క్షమించమని అడగను, అడగవలసినవాడు లేడు. కానీ ఆ పాత పుస్తకాలు ఏ ఆఫీసు బీరువాలోనో ఉండే ఉంటాయి. ఎప్పుడో ఎవరో చదువుకున్నవాడు వాటిని దులిపి, ఏ కొండ మీద ఏ ఏడు ఎంత జ్వరమో లెక్క కడతాడు. అతనికి నా గుండ్రటి సున్నాలు కనబడతాయి, మళ్ళీ నమ్ముతాడు. ఆ వరుస ఎదురుగా, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న రిమార్కుల గడిలో రాయవలసింది ఇది. ఇప్పుడు రాస్తున్నాను.

దారికి కంప వేసి ఉంది. నేను లోపలికి వెళ్ళలేదు. జ్వరం అప్పటికే అక్కడ ఉంది. గాసి తేలేదు.