కమాను పట్టీలో తోలు

సూర్యాపేటలో ఇంటి ముందు మా మనవడు కారు కింద పడుకుని అరిగిన రబ్బరు బుష్‌లు పీకుతుంటే నేను చూడలేక లోపలికి వచ్చేశాను. రబ్బరు వాసనకేమో అనుకున్నాడు వాడు.

నిజాం మీద పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, నాన్న కారు గుంత తగిలితే చాలు కిర్రుమనేది. కారు బరువు మోసే కమాను పట్టీల చివర బుష్‌లు అరిగిపోయాయి. కొత్తవి హైదరాబాదులోనూ దొరకలేదు. తోలు చుట్టి బిగిస్తే ఆగుతుందని డ్రైవరు చెబితే, తోలు పని చేసే ఎల్లయ్యను పిలిపించారు. ఏనాడూ గేటు దాటనివ్వని మనిషిని ఆ రోజు వాకిట్లో కారు కిందికి రానిచ్చారు.

నేను ముక్కు మూసుకున్నాను. "ఎల్లయ్యా, నువ్వు కంపు కొడుతున్నవ్."

"అది ఆముదం, చిన్న దొరసాని. మెత్తగైతదని తోలు అండ్ల నానబెట్టిన. మీ అమ్మగారు మీ తలకు పెట్టేది గూడ గదే" అన్నాడు కారు కిందినుంచే.

నా జడ వాసన చూసుకున్నాను. అదే వాసన. అయినా కంపు అతనిదేనని నమ్మాను.

అతను గేటు దాటి వెళ్లగానే నాయనమ్మ పనిమనిషిని కేకేసింది. "ఆడు పండుకున్న కాడ సాన్పి సల్లు." పేడనీళ్లతో వాకిలంతా తడిపించింది.

మర్నాడు మిర్యాలగూడలో పెళ్లికి వెళ్లాం. కారు ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. ఎల్లయ్య తోలు మీద ఊగుతూ నాయనమ్మ దారంతా గుర్రుపెట్టి నిద్రపోయింది.

ఆ నిద్ర గుర్తొచ్చే ఇవాళ లోపలికి వచ్చేశాను. ఆమె పక్కన నేనూ హాయిగా నిద్రపోయాను.