తాళం వేసిన ఇంట్లో చలి

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. కడప జిల్లాలో మా ఊరి శ్మశానం పక్క చేలో ఒంటరిగా కలుపు తీసినదాన్ని. ఇది దయ్యమో మరొకటో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక విల్లాలో పనిచేసేదాన్ని. మా కఫీల్‌కి, అంటే యజమానికి, మంచు దేశాలంటే పిచ్చి. అక్కడినుంచి తెచ్చిన చచ్చిన తెల్ల నక్కను అద్దాల పెట్టెలో, ఎండిన పాచి పరిచి నిలబెట్టాడు. ఆ గదిలో ఏసీ ఆపితే ఊరుకునేవాడు కాదు. మేడ మీద నా గదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరిగేది కాదు. నక్కపాటి చేయలేదు నా బతుకు!

వాళ్ళ చిన్నకూతురు మంచిది. బడి పుస్తకంలో బొమ్మలు చూపించేది. ఆ నేలను టండ్రా అంటారట. చెట్లు మొలవవు, మట్టి అడుగున ఎప్పుడూ మంచే. దుప్పులు గిట్టలతో మంచు తవ్వి ఆ పాచి తిని బతుకుతాయట. ఎన్నాళ్ళు ఎండినా పాచి చావదని చెప్పింది.

ఇరాక్ సైన్యం వచ్చినరోజు పొద్దున్నే అందరూ కార్లెక్కారు. బయటికి వెళ్తే నన్ను లోపల పెట్టి తాళం వేయడం ఆ ఇంటి అలవాటు. ఆ రోజూ వేశారు. చిలక పంజరం మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్ళారు.

కిటికీలన్నిటికీ ఇనుప కడ్డీలు. మర్నాడు కరెంటు పోయింది. మోటారు ఆడక మూడోరోజుకు నీళ్ళు ఖలాస్. ఆగస్టు ఎండకు గోడలు కాలిపోతున్నాయి. అరిచి అరిచి గొంతు పోయింది. పిల్లల్ని తలుచుకుని ఏడ్చాను. నాలుగోరోజు, ఇక చస్తాననుకుంటూ నక్క గది తలుపు తీశాను.

లోపల చలి. నా నోట్లోంచి ఆవిరి వచ్చింది. ఏసీ మీద చెయ్యిపెట్టి చూశాను, ఆగిపోయే ఉంది. అద్దాల మీద నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. తువ్వాలుతో తుడిచి, పిండుకుని తాగాను. పెట్టెలో పాచి మెత్తబడి లేతపచ్చగా ఉంది. ఐదురోజులు అక్కడే దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

తొమ్మిదోరోజు పక్కింటి డ్రైవరు, కోనసీమ ఆయన, నా మూలుగు విని తాళం పగలగొట్టాడు.

"నీళ్ళుండాయా అన్నా?" అన్నాను.

నీళ్ళిచ్చి, గదిలోకి తొంగిచూసి వెనక్కి తగ్గాడు. "ఇదేంటండీ బాబూ, కరెంటు లేదు కదండీ, ఇంత చల్లగా ఉందేంటండీ?"

ఆయన కూడా చూశాడు కాబట్టే నాకు పిచ్చి పట్టలేదని ధైర్యం. ఆయనతో, ఇంకొందరు మనవాళ్ళతోపాటు ఎడారి దాటి, జోర్డాన్ మీదుగా ఇల్లు చేరాను.

యుద్ధం ముగిశాక మామా, అంటే ఆ ఇంటావిడ, మా ఊరి కొట్టుకు ఫోన్ చేసింది. ఎలా బతికావని అడగలేదు. ఇల్లంతా దుమ్ము పట్టింది, యల్లా, త్వరగా వచ్చెయ్ అంది. సిగ్గు లేకుండా మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాను. ముగ్గురు పిల్లలు తిండికి నా మొహమే చూస్తున్నారు మరి.

ఆ చలి ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒకరోజు తెగించి, సైన్యం వచ్చినప్పుడు తాళం వేసిన ఇంట్లో నేనెలా బతికానో మామాకు చెప్పబోయాను. ఆమె నావైపు వింతగా చూసింది.

"అప్పుడు నువ్వు సెలవు మీద మీ ఊళ్ళో ఉన్నావు కదా?" అంది.