గుండు చూసి అడగని ప్రశ్న

2022 డిసెంబర్. బోధన్ దగ్గర చెరకు పండించే ఒక ఊళ్లో నేను ఏఎన్ఎంని. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణుల బాగోగులు చూడటం నా పని. అప్పటికి చాలా ఏళ్ల సర్వీసు. పసిపిల్లల విషయంలో నాకు తెలియనిది లేదన్న గీర కూడా ఉండేది, దాచుకోను.

తొమ్మిదో నెల టీకాకు సవిత తన బిడ్డ వైష్ణవిని తెచ్చింది. పిల్ల గుండు నున్నగా ఉంది. నోటి చుట్టూ, కళ్ల చుట్టూ ఎర్రటి పొక్కులు.

“ఎంత మలాం రాసినా తగ్గుతలేదు అక్క,” అంది సవిత.

“గుండు మాత్రం ముద్దొస్తుంది పో,” అని నవ్వి, ఇంకో మలాం ఇచ్చి పంపేశాను. బయట ఇంకా పదిమంది తల్లులు కూర్చుని ఉన్నారు.

నెల తిరగ్గానే పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి. నిజామాబాద్‌లో రాసిచ్చిన మందుకు ఆగలేదు. పిల్ల మెడ నిలపడం కూడా మానేసింది. రెండోసారి ఆస్పత్రికి నేనే వెంట వెళ్లాను. చెరకు ట్రాక్టర్ల వెనక మా ఆటో ఇరుక్కుపోయింది. దారిలోనే పిల్లకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. సవిత అత్త పిల్ల గుప్పిట్లో తాళంచెవి పెట్టి దేవుణ్ని మొక్కుతూ కూర్చుంది.

ఆ రోజు చూసిన పిల్లల డాక్టర్ వయసులో చిన్నవాడు. పొక్కులు చూశాడు, తల నిమిరాడు.

“గుండు ఎప్పుడు చేయించారు?”

“ఏడో నెలల సారు,” అంది అత్త. “ఎంట్రుకలు అంతకుముందే ఊడుడు షురువైనయి. మొక్కు లేటైందని దేవుడే తీస్కుంటుండు అనుకున్నం. జల్ది పోయి పుట్టెంట్రుకలు తీపిచ్చినం.”

“మూడు నెలలైంది కదా. జుట్టు మళ్లీ మొలవలేదా?”

అత్త తల అడ్డంగా ఊపింది. ఆ ప్రశ్న నెల కింద నేను అడగాల్సింది.

బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందించే ఎంజైమ్ కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఉండదు. దాని పేరు బయోటినిడేస్. అది లేకపోతే చర్మం పొక్కుతుంది, జుట్టు ఊడుతుంది, ఫిట్స్ వస్తాయి. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపం వస్తేనే ఈ జబ్బు. సవిత చేసుకున్నది మేనబావనే. డాక్టర్ ఆ జబ్బేనని అనుమానపడి, పిల్ల రక్తం పరీక్షకు హైదరాబాద్ పంపి, రిపోర్టు కోసం ఆగకుండా బయోటిన్ గోలీలు మొదలుపెట్టాడు.

వారంలో ఫిట్స్ ఆగాయి. రిపోర్టులోనూ ఆ ఎంజైమ్ లేదనే వచ్చింది. తర్వాత పొక్కులు మానిపోయాయి, తల మీద నూగు మొలిచింది. అత్త మళ్లీ మొక్కుకుంది. చెవులు కూడా ఒకసారి చూపించమని డాక్టర్ అంటే, ఆ సంతోషంలోనే బేరా టెస్ట్‌కు వెళ్లాం. పిల్ల నిద్రపోతుండగా తలకు వైర్లు పెట్టి, చప్పుడు మెదడుకు అందుతోందో లేదో చూసే పరీక్ష అది. ఎంత పెద్ద చప్పుడు పెట్టినా ఏమీ అందలేదు.

“ఈ గోలీలతో పోయిన వినికిడి తిరిగి రావడం కష్టం,” అన్నాడు డాక్టర్. “పుట్టగానే మొదలుపెట్టి ఉంటే బాగుండేది.”

సవిత గోలీని అరచేతిలో పెట్టుకుని చూసింది. “గింతంత గోలీయేనా అక్క?” అంది.

ఈ మధ్య సవితకు మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డకు పుట్టగానే రక్తపరీక్ష చేయిద్దామన్నాను.

“గదే పరీక్ష వైష్ణవికెందుకు చెయ్యలే అక్క?” ఆమె గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

“తెల్వక సవిత. గుండు చూసిన గని ఒక్క మాట అడగలే,” అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది.

ఇప్పుడు గుండున్న ప్రతి పిల్లకూ ఎప్పుడు చేయించారు, ఎందుకు చేయించారు అని అడుగుతాను. తల్లులు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఈ బుద్ధి నాకు వైష్ణవి చెవులు పోయాక వచ్చింది. సవిత ఇప్పటికీ వాకిట్లో నిలబడి పిల్లను పేరు పెట్టే పిలుస్తుంది. దానికి వినపడదని ఆమెకు తెలుసు, అయినా పిలుస్తుంది. ఆ గొంతు వినపడితే నేను ఆ వీధిలోంచి పోలేను.